డాక్టర్ చక్రపాణి గారి చీకటి గది

కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో తెలుగువాళ్ళింట్లో భోజనాలంటే వచ్చేవాళ్ళు ముందుగా కనుక్కునేది ఒకటే: చక్రపాణి గారు వస్తున్నారా, లేదా? వస్తున్నారంటే ఆయన పక్క కుర్చీలో ఎవరు కూర్చోవాలో దారిలోనే తేల్చుకుంటారు. భార్యలు భర్తల్ని తోస్తారు, భర్తలు ఈమధ్యే ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళని తోస్తారు. ఆ కుర్రాడు పాపం, మర్యాదకి, "అంకుల్, మీరు రిటైర్డ్ ఐ డాక్టరట కదా" అంటాడు. అంతే. అన్నం చల్లారిపోతుంది, అప్పడాలు మెత్తబడిపోతాయి, వెయ్యేళ్ళ కిందటి బస్రా నగరంలో ఇబ్న్ అల్ హైథమ్ పుడతాడు.

ఈ హైథమ్‌కీ పాలకొల్లులో పుట్టిన చక్రపాణి గారికీ చుట్టరికం ఎలా కలిసిందో చెప్పాలి. చక్రపాణి గారు విశాఖలో వైద్యం చదివి, డెబ్బై ఒకటిలో డెట్రాయిట్ మంచులో దిగి, కళ్ళ డాక్టరై, తరవాత కాలిఫోర్నియా వచ్చి ప్రాక్టీసు పెట్టిన మనిషి. ఆయన తీసిన శుక్లాలు పదకొండు వేల పైమాటే. ఒకనాడు క్లినిక్‌లో కంట్లో చుక్కలు వేయించుకుని కూర్చున్న ఈజిప్టు పెద్దాయన ఒకడు, మందు పనిచేసేదాకా ఊసుపోక, "మనిషికి చూపు ఎలా వస్తుందో తేల్చి చెప్పింది మావాడే, తెలుసా డాక్టర్?" అన్నాడు. తెలియదు. పాతికేళ్ళ పైబడి కళ్ళు కోసి కుట్టిన మనిషికి తెలియదు! చక్రపాణి గారికి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే లైబ్రరీకి వెళ్ళారు. ఆ వెళ్ళడం వెళ్ళడం ఇప్పటికీ బయటికి రాలేదని ఆయన భార్య దమయంతి గారు అంటుంటారు.

హైథమ్‌కి ముందు మహామహులు చాలామంది, కంట్లోంచి కిరణాలు బయలుదేరి వెళ్ళి వస్తువుని తాకితేనే చూపు అని నమ్మేవారు. ఈయన కాదన్నాడు. మరి సూర్యుణ్ణి చూస్తే కళ్ళెందుకు నొప్పెడతాయయ్యా అని అడిగాడు. వెలుగే బయటినుంచి వచ్చి కంట్లో పడుతుందన్నాడు. ఊరికే అనలేదు. చీకటి గది, గోడకి చిన్న బెజ్జం, బయట దీపాలు. ఒక దీపాన్ని మూసి చూశాడు, తెరిచి చూశాడు, మార్చి మార్చి చూశాడు. పెద్దలు రాశారు కదా అని నమ్మకు, ఆమాటకొస్తే నీ బుర్రనీ నమ్మకు, పరీక్షించి చూడు. ఇదీ ఆయన మతం. చక్రపాణి గారి మతం కూడా ఇదేనని ఆయన అందరికీ చెబుతారు.

అయితే ఆయన లొట్టలేసుకుంటూ చెప్పేది నైలు నది కథ. పాత చరిత్రల్లో ఉన్నదే. కైరోలో ఖలీఫా మహా కోపిష్ఠి. నైలు వరదల్ని అదుపు చెయ్యొచ్చని హైథమ్ ఎక్కడో నోరు జారితే, పిలిపించి, చెయ్యి మరి అన్నాడు. వెళ్ళి నదిని చూస్తే అయ్యే పని కాదు. కాదంటే తల ఉండదు. అందుకని పిచ్చెక్కినట్టు నటించాడట. ఇంట్లో పెట్టి కాపలా వేశారు. ఖలీఫా బతికున్నంతకాలం ఆ పిచ్చి కుదరలేదు, ఖలీఫా పోగానే కుదిరింది. "అంత బుద్ధిమంతుడు పిచ్చివాడిలా నటించి బతికాడు, చూశారా!" అని ముగించి చక్రపాణి గారు అప్పుడు అన్నం కలుపుకుంటారు.

ఎనభై రెండో ఏట పడబోతున్న ఈ మనిషి అంతకన్నా గట్టి నటుడని ఆ బల్ల దగ్గర ఎవరికీ తెలియదు. చూపు పోయి, చూపున్నవాడిలా పధ్నాలుగు నెలలుగా నటిస్తున్నారు.

రోగం సంగతి ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. కంటి వెనక పొర నడిమి భాగం అరిగిపోతుంది. అంచులు కనిపిస్తాయి, సూటిగా చూసినది మాయమవుతుంది. గుమ్మం కనిపిస్తుంది, గుమ్మంలో నిలబడ్డ మనిషి ముఖం కనిపించదు. ఒక ఆదివారం పొద్దున, క్లినిక్ మూసినప్పుడు తెచ్చుకున్న కాగితాల్లోంచి పరీక్షకి వాడే గళ్ళ కాగితం తీసి, ఒక్కో కన్నూ మూసి చూసుకున్నారు. కుడికంటికి గీతలు వంకరపోయాయి, ఎడమకంటికి నడుమ గీతలే లేవు. ఆయనకొచ్చిన రకానికి పోయిన చూపుని తిరిగి తెచ్చే మందు లేదు. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ మాట కాగితం మీద రాస్తాడు. రాసిన మాట ఊరుకోదు. కాబట్టి వెళ్ళలేదు. తన దగ్గరికి ఇలాంటి రోగులు వచ్చినప్పుడు మాత్రం ఆయన మొహమాటం లేకుండా, "కారు తాళాలు ఇవాళే మీ అబ్బాయికి ఇచ్చెయ్యండి" అని చెప్పి పంపేవారు. చెప్పేవి శ్రీరంగనీతులు అని పెద్దలు ఊరికే అన్నారా!

మార్చిలో ఉత్తరం వచ్చింది. బాత్రూంలో తలుపేసుకుని, భూతద్దం పెట్టుకుని, ఒక్కో అక్షరమూ పక్కచూపుతో పట్టుకుంటూ ముప్పావుగంట చదివారు. డ్రైవింగ్ లైసెన్సు గడువు మే పందొమ్మిదితో సరి. వయసు మళ్ళినవాళ్ళు స్వయంగా వచ్చి కంటిపరీక్ష ఇచ్చి పొడిగించుకోవాలి. ఆయన ఫోన్ చేసి ఏప్రిల్ ఇరవై రెండు బుధవారం పొద్దున పదిన్నరకి వేళ ఖాయం చేసుకున్నారు.

ఆ లైసెన్సు మీదే సంసారం నిలబడి ఉంది. శాన్ రామన్‌లో కారు లేని మనిషికి కాళ్ళు లేనట్టే లెక్క. పాలకీ కారే, గుడికీ కారే, వాకింగ్ చేసే పార్కుకీ కారే. దమయంతి గారు డెట్రాయిట్ రోజుల్లో ఒకసారి స్టీరింగు పట్టుకుని మంచుగుట్టని గుద్దేశాక మళ్ళీ దాని జోలికి పోలేదు. ఉత్తరాన ఎనిమిదివందల మైళ్ళ అవతల, ఎప్పుడూ వాన కురిసే బాతెల్ ఊళ్ళో ఉన్న కూతురు ఉజ్వల తమ ఇంట్లో కింద గది ఒకటి సిద్ధం చేసి ఉంచింది. బాత్రూంలో జారిపోకుండా పట్టుకోడానికి గోడకి కడ్డీలు కూడా బిగించింది. "నాన్నా, లైసెన్స్ రిన్యూ అవ్వకపోతే ఇల్లు సేల్‌కి లిస్ట్ చేసేద్దాం, ఓకే?" అని వారం వారం ఫోన్లో అడుగుతుంది. ప్రేమగానే అడుగుతుంది, కానీ ఆ కడ్డీల మాట వింటే చక్రపాణి గారికి ఒళ్ళు మండుతుంది. లైసెన్సు ఉంటే ఈ ఇల్లు, ఈ నిమ్మచెట్టు, ఈ భోజనాలూ వాదనలూ. లేకపోతే బాతెల్ వానా, కడ్డీలూ.

అయినా ఆయన బెంగపెట్టుకోలేదు. కంటిపరీక్షకి గోడమీద వేలాడే అక్షరాల పటాలు ఎన్ని రకాలున్నాయో అన్నీ ఆయనకి కంఠోపాఠం. నలభై ఏళ్ళపాటు రోజుకి పాతికమంది నోట విన్నవి. పైనున్న పెద్ద అక్షరాన్ని ఎలాగో అంచుచూపుతో పట్టుకుంటే ఏ పటమో తెలిసిపోతుంది, మిగతాది నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేస్తారు. కంచే చేను మెయ్యడమంటే మరి ఇదే. రోజూ స్నానం చేస్తూ, అష్టోత్తరం చదివినట్టు, ఇంగ్లీషు అక్షరాలు వరస తప్పకుండా వల్లించేవారు. పరీక్షించి చూడమన్న మహానుభావుడి శిష్యుడు పరీక్షకి బట్టీపట్టాడన్న మాట!

ఇక కారు తోలడం. చూపు తగ్గినప్పటినుంచీ ఆయన నిదానంగానే తోలుతున్నారు, తెలిసిన దారుల్లోనే తోలుతున్నారు, దమయంతి గారిని పక్కన కూర్చోబెట్టుకునే తోలుతున్నారు. ఆవిడకి ఈ ఏడాది కొత్త అలవాటు ఒకటి పట్టుకుంది. బండి కదిలింది మొదలు నోరు మూయదు. "లైటు ఎర్రబడిందండీ." "తల్లీ పిల్లా రోడ్డు దాటుతున్నారండీ." "ఎడంపక్క తెల్ల వ్యాను వస్తోంది, రానివ్వండి." చక్రపాణి గారు విసుక్కునేవారు. "నాకు కళ్ళు లేవనుకున్నావా?" అనేవారు. "ఉన్నాయి లెండి, నాకు నోరుంది" అనేది ఆవిడ. సీటు బెల్టులు నడుముకేగాని నోటికి ఎందుకు పెట్టరో అని ఆయన నలుగురిలో నవ్వించేవారు. విసుక్కుంటూనే, ఆవిడ చెప్పిన ప్రతి మాటకీ బ్రేకు వేసేవారు. రెంటికీ ముడిపెట్టి ఆలోచించలేదు. మహా పండితులకి దగ్గరివి ఆనవు.

సరే, కథ ఇక్కడ మలుపు తిరిగింది. ఏప్రిల్ మొదట్లో తెలుగు సంఘం వసంతోత్సవం పనులు మొదలయ్యాయి. సాంస్కృతిక కార్యదర్శి లోకేష్, వరంగల్ అబ్బాయి, సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఉద్యోగం, ఎవరినీ కాదనలేని మనిషి. చక్రపాణి గారు హైథమ్ గురించి మాట్లాడతానని మూడేళ్ళుగా అడుగుతుంటే ఈసారి ఇంటికే వచ్చాడు.

"అంకుల్, ఏడు నిమిషాలు ఇస్త. ఫ్యాన్సీ డ్రెస్‌కి, రాఫిల్ లాటరీకి మధ్యల. కానీ ఒక్క రిక్వెస్ట్. ఈ హైథమ్ ప్లేస్‌ల మన మహర్షి ఎవర్నన్న పెట్టండి. ఆడియన్స్ కనెక్ట్ అయితరు."

"ఏ మహర్షిని పెట్టమంటావు?"

"ఎవరైనా ఓకే అంకుల్. కండ్ల మీద ఎవరో ఒకరు చెప్పే ఉంటరు కద."

"చదివి చెబుతున్నావా, అనుకుని చెబుతున్నావా?"

"వాట్సాప్‌ల చూసిన అంకుల్."

చక్రపాణి గారు లేచి నిలబడ్డారు. వేరేవాడి కష్టాన్ని మనవాడి పేరున రాసుకుంటే మనవాడి పరువే పోతుందయ్యా, మనవాళ్ళు చేసినవి మనకి చాలినన్ని ఉన్నాయి, నీ ఏడు నిమిషాలు నీ రాఫిల్‌లోనే కలుపుకో, అని కడిగేశారు. "చూడకుండా చెప్పేవాళ్ళంటే నాకు పరమ అసహ్యం" అని కూడా అన్నారు. అన్నాక ఒక్క క్షణం నాలుక కరుచుకున్నారుగానీ లోకేష్ గమనించలేదు. తన గరాజులోనే చీకటి గది కడతాననీ, హైథమ్ చూసినట్టే వెలుగు ఎలా వచ్చి పడుతుందో చూపిస్తాననీ, కావలసినవాళ్ళు వచ్చి చూడొచ్చనీ ప్రకటించేశారు.

పదిరోజులు గరాజులో ఒకటే హడావుడి. తలుపు సగం ఎత్తి, ఆ ఖాళీని నల్ల ప్లాస్టిక్‌తో మూసి, నడుమ రేకుముక్క అతికించి, దానికి పెన్సిలు మొనంత బెజ్జం చేశారు. ఎదురుగా తెల్ల దుప్పటి కట్టారు. బయట ఎండలో ఉన్నదంతా ఆ బెజ్జంలోంచి వచ్చి దుప్పటి మీద తలకిందులుగా పడాలి. పడిందో లేదో ఆయనకి తెలియదు. ఎంతసేపు చూసినా బూడిదరంగు మసక తప్ప ఏమీ కనపడలేదు. అయితేనేం, ఏం కనపడాలో ఆయనకి తెలుసు. ముప్పై ఏళ్ళుగా ఉంటున్న ఇల్లు. ముందు మేపుల్ చెట్టు, అవతల ఎదురింటి పెంకులు, నడుమ డ్రైవ్‌వేలో తన నీలం కామ్రీ కారు.

ఏప్రిల్ పద్దెనిమిది శనివారం పదకొండు గంటలకి పదకొండుమంది వచ్చారు. అందులో ఏడుగురు దమయంతి గారి పెసరట్ల కోసం వచ్చారు. లోకేష్ కూడా, కోపం లేకుండా, భార్య దేదీప్యనీ పదేళ్ళ కూతురు హంసికనీ వెంటబెట్టుకుని వచ్చాడు. అందర్నీ చీకట్లో నేలమీద కూర్చోబెట్టి, కళ్ళు అలవాటుపడేదాకా ఆగమని చెప్పి, చక్రపాణి గారు మొదలుపెట్టారు. దుప్పటి మీద బొమ్మ పడింది కాబోలు, అందరూ ఒక్కసారి "ఓహ్" అన్నారు. ఆ శబ్దం విని ఆయనకి నిజంగా గుండె నిండిపోయింది.

"చూడండి! ఆ పక్కన మేపుల్ చెట్టు, కొమ్మలు నేలకి. ఎదురింటి పెంకులు చూడండి, ఇల్లు పల్టీ కొట్టినట్టు. నడుమ, అదిగో, నా నీలం కామ్రీ, చక్రాలు ఆకాశానికి!"

పెద్దవాళ్ళంతా తలలూపారు. "వావ్" అన్నారు ఎవరో.

"డాక్టర్ అంకుల్," అంది హంసిక, "కార్ లేదు అక్కడ. టేబుల్ ఉంది. లెగ్స్ పైకి."

నిజమే. పొద్దున పెసరట్లకి బల్ల వెయ్యడానికి చోటు కావాలని లోకేష్ దమయంతి గారిని తాళాలడిగి కారుని వీధి చివర పెట్టి వచ్చాడు. చక్రపాణి గారికి ఎవరూ చెప్పలేదు. దమయంతి గారు పిండి హడావుడిలో ఉన్నారు, మిగతావాళ్ళు కళ్ళున్నవాడికి చెప్పేదేముందనుకున్నారు. ఇన్ని నెలల నాటకం పదేళ్ళ పిల్ల ఒక్క మాటతో కూల్చేసింది.

అప్పుడు ఆయన నోరు, ఆయన ప్రమేయం లేకుండా, ఆయన్ని కాపాడింది.

"శభాష్!" అన్నారు గట్టిగా. "ఈ గదిలో కళ్ళున్నది ఈ పిల్లకే! లేని కారు ఉందని చెప్పాను. పదిమంది పెద్దవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, ఒక్కరైనా లేదన్నారా? డాక్టరు చెప్పాడు కదా అని తలూపారు. వెయ్యేళ్ళ కిందట హైథమ్ మొత్తుకున్నది ఇదే! ఎవడు చెప్పినా నమ్మకండి, చూసి నమ్మండి!"

చప్పట్లు మోగాయి. అలాంటి చప్పట్లు ఆయన జీవితంలో వినలేదు. సత్యం గురించి ఆయన చెప్పిన వందల ఉపన్యాసాల్లో జనం మెచ్చినది ఈ అబద్ధం ఒక్కటే. బయటికి రాగానే లోకేష్ ఆయన రెండు చేతులూ పట్టేసుకున్నాడు.

"మైండ్ బ్లోయింగ్ అంకుల్! నేను కూడ తల ఊపిన, సిగ్గయితుంది. పదిహేను నిమిషాలు తీసుకోండి, మహర్షి ఏం వద్దు, హైథమే ఉండనీ. ఇంకోటి అంకుల్, అడగొచ్చో లేదో. ఈ మండే కాదు, వచ్చే మండే నుంచి దేదీప్య ఆఫీస్‌కి పోవాలె. హంసికని మాథ్ క్లాస్‌కి మీరు డ్రాప్ చేస్తరా? మీ అంత షార్ప్‌గ ఈ వీధిల ఎవరున్నరు?"

"దానికేం, తప్పకుండా" అన్నారు చక్రపాణి గారు, చప్పట్ల మత్తు ఇంకా దిగక.

అదే క్షణంలో బల్ల దగ్గరనుంచి మాడు వాసన వచ్చింది. దమయంతి గారి పెనం మీద అట్టు మాడడం పెళ్ళయిన యాభై మూడేళ్ళలో ఆయన ఎరగరు.

ఆ తరవాత మూడు రోజులు ఆవిడ ఎక్కువ మాట్లాడలేదు. పదకొండుమందికి అట్లు పోసి అలిసిపోయిందనుకున్నారు. ఆయన పని ఆయనకి సరిపోయింది. స్నానాల గదిలో పారాయణ రోజుకి రెండుపూటలు చేశారు.

బుధవారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, తొమ్మిదీ ముప్పావుకి కారెక్కారు. దమయంతి గారు పక్కన కూర్చుని బెల్టు పెట్టుకున్నారు. లైసెన్సు ఆఫీసు ఇరవై నిమిషాల దారి. ఆయన ఇంజను వేసి, రివర్సులో పెట్టి, బ్రేకు మీద కాలుంచి ఎదురుచూశారు.

మామూలుగా అయితే ఇక్కడినుంచే మొదలవుతుంది. "రండి, రండి, ఎవరూ లేరు, కొంచెం ఎడమకి కొట్టండి, ఆ, చాలు." ఇవాళ ఏమీ లేదు. ఆయన అద్దం సర్దినట్టు నటించారు. గొంతు సవరించుకున్నారు. ఏసీ పెంచి తగ్గించారు.

"ఏమిటలా ఉన్నావు? ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉంది."

"మరి మాట్లాడవేం?"

"ఏం మాట్లాడాలండీ? ఎప్పుడూ మాట్లాడతానని మీకు విసుగు కదా. ఇవాళ మీరే తోలండి."

ఆయన బ్రేకు మీద కాలు కొద్దిగా సడలించారు. బండి జానెడు వెనక్కి కదిలింది. అప్పుడు వినిపించింది, ఎక్కడో వెనక, చిన్న చక్రాలు సిమెంటు మీద దొర్లుతున్న చప్పుడు. దగ్గరా, దూరమా, కుడా, ఎడమా, తెలియలేదు. ఆయన బ్రేకు మీద లేచి నిలబడ్డంత పని చేశారు. అద్దంలోకి చూశారు. అద్దం అంచు కనిపించింది. అద్దంలో ఏమీ లేదు.

"దమయంతీ," అన్నారు చివరికి, "వెనక ఎవరైనా ఉన్నారా?"

అర్ధశతాబ్దం డ్రైవింగులో ఆ మాట ఆయన ఎవరినీ అడగలేదు.

"ఎదురింటివాళ్ళ మూడేళ్ళ పిల్ల," అంది ఆవిడ. "కాలితో తోసుకునే బొమ్మ స్కూటరు మీద. వాళ్ళమ్మ వెనకాలే ఉంది. మీరు ఇంకొంచెం కదిలిస్తే హ్యాండ్‌బ్రేకు లాగేద్దామని చెయ్యి వేసే ఉంచాను. ఇంజను ఆపండి."

ఆపేశారు. ఇద్దరూ ఎదుట ఉన్న గరాజు తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు. ఒకరికి అది కనిపిస్తోంది.

"ఎప్పటినుంచి తెలుసు?"

"దీపావళి వెళ్ళిన వారంనుంచి. ఉజ్వల కొత్త సోఫా ఫొటో పంపింది, చూడండి అని ఫోను ఇస్తే, రంగు బాగుంది అన్నారు. అప్పటికి ఫోనులో ఉన్నది కరెంటు బిల్లు. అనుమానం వచ్చింది. కానీ ఒక్కసారి చూసి నమ్మకూడదు, మార్చి మార్చి చూడాలి అని మీరే కదా పాతికేళ్ళుగా చెవిలో జోరీగలా చెబుతున్నారు. అందుకని సోమవారంనాడు బొట్టు తీసేశాను."

చక్రపాణి గారు ఉలిక్కిపడ్డారు.

"మీరున్నంతవరకూ నేను చెయ్యకూడని పనే. దేవుడికి దండం పెట్టుకుని, తప్పు కాయమని చెప్పి తీశాను. డెట్రాయిట్‌లో నేను జ్వరంతో పడుకున్నప్పుడు బొట్టు చెరిగిపోతే, కుంకుమ తెచ్చి మీరే దిద్దారు, గుర్తుందా? నేనింకా ఉన్నాగా, ఆ బోసిమొహం ఏమిటి అని కేకలేశారు. అలాంటి మనిషి సోమవారం ఏమీ అనలేదు. పరధ్యానం అనుకున్నాను. మంగళవారం నల్లది పెట్టాను. ఏమీ లేదు. బుధవారం అప్పచ్చంత పెద్దది పెట్టాను. గురువారం ముక్కు మీద అంటించుకుని, ఎదురుగా కూర్చుని వడ్డించాను. నా మొహంలోకి సూటిగా చూసి, పప్పుచారు బ్రహ్మాండంగా ఉంది అన్నారు."

ఆయనకి నవ్వొచ్చింది.

"నాకూ నవ్వొచ్చింది," అంది ఆవిడ. "బాత్రూంలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఏడ్చాను."

"అప్పుడే అడగాల్సింది."

"అడిగితే బాతెల్. ఆ వానలో ఆ కడ్డీలు పట్టుకుని కూర్చోవాలని నాకు మాత్రం ఉందా? మీకు లేకపోతేనేం, నాకున్నాయి కదా రెండు, ఇద్దరికీ సరిపెడదాం అనుకున్నాను. ఎర్రలైటు నేను చూసి చెబితే చాలనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది. మొన్న మీరు హంసికని ఎక్కించుకుంటానన్నారు చూడండి, అప్పుడు తెలిసింది నేను ఏం చేస్తున్నానో. ఇరవై ఆరేళ్ళు మీ క్లినిక్ ముందుగదిలో కూర్చున్నాను. పటం బట్టీపట్టి వచ్చే ముసలాళ్ళని ఎంతమందిని చూశాను! వాళ్ళని మీరు పట్టుకునేవారు. ఇవాళ మీరు పాసవుతారు, నాకు తెలుసు, స్నానాల గదిలోంచి రోజూ వింటున్నాను. మిమ్మల్ని ఎవరు పట్టుకుంటారు? పైగా చప్పట్లు కొడుతున్నారు."

చక్రపాణి గారు తాళం తీసి ఆవిడ ఒళ్ళో పెట్టారు.

"నీ మొహం చూసి పధ్నాలుగు నెలలైంది దమయంతీ," అన్నారు. "చెవిదుద్దులు కనిపిస్తాయి. కొప్పు కనిపిస్తుంది. పట్టిపట్టి చూస్తే నడుమ నువ్వుండవు. భయమేసి, చూస్తున్నట్టు చూస్తూ కూర్చునేవాణ్ణి. పక్కకి చూస్తే కొంచెం కనిపిస్తావు. కానీ పక్కకి చూస్తూ మాట్లాడితే నీకు తెలిసిపోతుందని అదీ మానేశాను."

ఆయన ఏడుస్తున్నారు. పదకొండు వేల కళ్ళు బాగుచేసిన మనిషి, ఇస్త్రీ చొక్కాలో, కదలని కారులో. ఆవిడ ఆపలేదు. డాష్‌బోర్డు మీద గడియారం పదిన్నర దాటింది. ఆవిడే చూసి చెప్పింది.

"ఇల్లు అమ్మేదేమీ లేదు. ముందు ఈ కారు అమ్ముదాం," అంది కాసేపటికి. "ఉజ్వలకి ఇద్దరం కలిసి చెబుదాం. అరుస్తుంది, అరవనీ. కూరగాయలు ఇంటికి తెచ్చిచ్చేవాళ్ళు బోలెడుమంది."

"లోకేష్‌కి ఏం చెబుతావు?"

"నేనెందుకు చెబుతాను? మీకు పదిహేను నిమిషాలు ఇచ్చాడుగా. అక్కడే చెప్పండి."

చక్రపాణి గారు ముక్కు తుడుచుకున్నారు. ఆవిడ వైపు తిరిగారు. ఈసారి నటించకుండా, కాస్త పక్కగా, కిటికీ వైపు చూస్తూ తిరిగారు.

"ఇవాళ పెట్టుకున్నావా?"

ఆవిడ ఆయన చూపుడువేలు పట్టుకుని తన నుదుటి మీద ఆనించింది. చిన్న బొట్టుబిళ్ళ వేలికి తగిలింది. ఆయన దాన్ని వేలితోనే కాస్త పైకి, కాస్త పక్కకి, తనకి గుర్తున్న చోటికి జాగ్రత్తగా జరిపారు.

"ఇప్పుడు సరిగ్గా ఉందా?" అని అడిగారు.

దమయంతి గారు ఎదుటి అద్దం తనవైపు తిప్పుకుని చూసుకున్నారు.

"లేదండీ," అన్నారు. "ఇందాకే బాగుంది. ఇప్పుడు వంకరైంది."